శామీర్‌పేటలో విస్కీ, చఖ్నా, కాసింత చరిత్ర

మొన్న డిసెంబరులో మా ఆఫీసు వాళ్ళు టీమ్ అవుటింగు పేరుతో శామీర్‌పేట దాటాక ఉన్న ఒక రిసార్టుకి తీసుకెళ్ళారు. మామూలుగా అయితే పొద్దున క్రికెట్టు, మధ్యాహ్నం బఫే, సాయంత్రం తాగేవాళ్ళకి తాగినంత, తాగనివాళ్ళకి స్ప్రైటు. ఈసారి మేనేజరుకి కొత్త ఆలోచన వచ్చింది. "విస్కీ టేస్టింగ్ ఈవెనింగ్ విత్ ఫుడ్ పెయిరింగ్" అని మెయిలు పెట్టాడు. ఆరున్నర నుంచి తొమ్మిదింటిదాకా అని క్యాలెండరు ఇన్వైటు కూడా పంపాడు. విస్కీకి క్యాలెండరు ఇన్వైటు రావడం నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి :-)

నేను తాగుబోతునీ కాదు, మడి కట్టుకున్నవాణ్ణీ కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ స్నేహితుల మొహమాటం మీద. మా ఇంట్లో మాత్రం ఆ ప్రస్తావనే రాదు. ఎందుకు రాదో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది. ముందు సాయంత్రం సంగతి చెప్తాను.

లాన్‌లో బల్లలు వేసి, ఒక్కొక్కరి ముందు నాలుగేసి గ్లాసులు పెట్టారు. అడుగున బొద్దుగా, పైన మూతి బిగించినట్టుండే గ్లాసులవి. వాసన పైకి పోకుండా మూతి దగ్గర పోగవ్వాలట. బొంబాయి నుంచి వచ్చిన కోటాయన మైకు పట్టుకుని, ముందు రంగు చూడండి, తర్వాత వాసన, ఆ తర్వాత ఒక్క గుక్క, గబుక్కున మింగకండి, నాలుక మీద తిప్పండి అని చెప్పుకొచ్చాడు. ఒక్కో గ్లాసులో ముప్ఫై మిల్లీలీటర్లు కూడా లేదు. వెనక బల్ల మీద కూర్చున్న టెస్టింగు టీము కుర్రాళ్ళ మొహాలు చూడాలి!

మొదటిది తేలికపాటి స్కాచి, దానికి మెత్తటి చీజు. రెండోది బెంగుళూరు సింగిల్ మాల్టు, దానికి ఖుబానీ కా మీఠా. మూడోది షెర్రీ పీపాలో ఊరింది, దానికి నల్ల చాక్లెట్టు. నాలుగోది ఆసుపత్రిలో టించరు లాగా, పొగ లాగా వాసన కొట్టే స్కాచి, దానికి పత్తర్ కా గోష్త్. ఈ నాలుగో జోడీ మాత్రం నిజంగానే కుదిరింది. అక్కడ తడి పీటు మట్టిని కాల్చి ఆ పొగలో బార్లీని ఆరబెడతారు, ఇక్కడ గ్రానైటు బండ కింద మంట పెట్టి మాంసం కాలుస్తారు. పొగకి పొగ. చీజు సంగతి నన్నడక్కండి.

రెండు చుక్కలు నీళ్ళు కలిపితే వాసన విచ్చుకుంటుంది అంటే మొదట నేను నమ్మలేదు. తర్వాత ఇంటికొచ్చి వెతికితే 2017లో స్వీడన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ సిమ్యులేషను చేసి మరీ చూశారని తెలిసింది. పొగ వాసనకి కారణమైన గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాలుతో జట్టు కట్టి ఉంటుందట. నీళ్ళు కలిపితే ఆల్కహాలుతో పాటు అదీ పైపైకి చేరుతుందట. మా కుర్రాడొకడు మిర్చి బజ్జీ తెప్పించమంటే కోటాయన వద్దన్నాడు. దానికీ కారణముంది. మన నోట్లో వేడినీ కారాన్నీ పసిగట్టేది ఒకటే గ్రాహకం, ఆల్కహాలు దాన్ని ఇంకాస్త రెచ్చగొడుతుంది. అందుకే మందులో మిరపకాయ కొరికితే మంట రెట్టింపవుతుంది. అయినా మనవాళ్ళు తరతరాలుగా కావాలని కొరుకుతూనే ఉన్నారనుకోండి.

ఇంతలో నా పక్కనున్నతను నవ్వడం మొదలుపెట్టాడు. మా టీములోనే చేస్తాడు, ఇక్కడికి పది కిలోమీటర్ల లోపు ఊరు, గౌడ కుటుంబం. ఏంటి సంగతని అడిగా. "మా తాత గూడ గిదే పని జేస్తుండెనన్నా. లొట్టి దగ్గరికి ముక్కు వెట్టి గిది ఏ చెట్టు కల్లో చెప్తుండె. ఆయనకెవ్వడూ మైకు ఇయ్యలే" అన్నాడు.

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఈ టపాకి కారణం అదే.

టేస్టింగు అంటే ఏమిటి? హిందీలో, ఉర్దూలో రుచి చూడడాన్ని "చఖ్నా" అంటారు. అదే మాట ఉత్తరాదిన మందులోకి నంజుకునే పల్లీలకీ, శనగలకీ పేరైంది. మన హైదరాబాదులో ఇంకో మెట్టు కిందికి దిగి, కల్లు కాంపౌండు పక్కన అమ్మే మేక బోటీ, పేగుల కారం కూరకి పేరైంది. అంటే వేల రూపాయల టిక్కెట్టు పెట్టి అమ్మే "టేస్టింగు", ఇరవై రూపాయల "చక్నా" రెండూ ఒకటే మాట! "పెయిరింగు"కయితే తెలుగులో మాట వెతుక్కోవాల్సిన పనే లేదు. నంజుకోవడం. కల్లులోకి ఉడకబెట్టిన గుడాలు, ఎండు చేప, బోటీ నంజుకోవాలని ఏ చెఫ్ చెప్పాడు? పులిసిన కల్లు పుల్లగా ఉంటుంది, కొవ్వున్న బోటీ కూర దానికి సరిగ్గా సరిపోతుంది. తెల్లవాళ్ళు చీజుకీ వైనుకీ చెప్పే సూత్రమే ఇది.

మన మాటల్లో ఇంకో తమాషా ఉంది. మన "వైన్స్"లో వైను దాదాపు ఉండదు. ఇంకా పాత పేరు బ్రాందీ షాపు. విస్కీ ఎక్కువ తాగే దేశంలో దుకాణానికి బ్రాందీ పేరెందుకు వచ్చింది?

ఇక్కడే ఈ రోడ్డు చరిత్ర పనికొస్తుంది. సికింద్రాబాదు నుంచి శామీర్‌పేట రావాలంటే ఇప్పటికీ కంటోన్మెంటు మీదుగానే రావాలి. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట. 1798లో నిజాం ఇంగ్లీషు వాళ్ళతో సైన్యసహకార ఒప్పందం చేసుకున్నాడు. 1806లో సికందర్ జా పేరున సికింద్రాబాదు వెలిసింది. 1860లో బొల్లారంలో కట్టిన రెసిడెన్సీ భవనమే ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. ఆ దండులో దొరల మందు మొదట్లో బ్రాందీయే, దాంట్లో నీళ్ళో సోడానో. "బ్రాందీ పానీ" అనే మాట వాళ్ళ నవలల్లోకి కూడా ఎక్కింది. 1860ల నుంచి ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని ఫిలాక్సెరా అనే పురుగు పట్టి తుడిచిపెట్టేసింది. ద్రాక్ష లేకపోతే బ్రాందీ లేదు. ఆ ఖాళీలోకి స్కాచి దూరింది. అప్పటికే బ్రాందీ అన్న మాట మన నోళ్ళలో పడి దొరల మందు మొత్తానికీ పేరైపోయింది కాబోలు. సీసాలో సరుకు మారింది గానీ బోర్డు మారలేదు.

కుర్ర చర్చిలు 1896లో పోలో ఆడటానికి బెంగుళూరు నుంచి హైదరాబాదు వచ్చాడు. అప్పటికి ఆయనకి విస్కీ వాసనే పడదు! మరుసటి ఏడాది మలాకంద్ యుద్ధంలో, తాగడానికి గోరువెచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేకపోతే, ఆ నీళ్ళ రుచి చంపడానికి విస్కీ అలవాటు చేసుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే అంతటివాడు కూడా మొదట నీళ్ళు గొంతు దిగడానికే తాగాడన్నమాట. మా కోటాయన మైకులో ఈ సంగతి చెప్పలేదు.

దండు గోడ బయట ఏం తాగేవారు? కల్లు. అడవి వైపు ఇప్పసారా. ఈ రెండింటి మీదా నిజాం సర్కారు ఆబ్కారీ నడిచింది. చెట్టుకింత పన్ను, ఊరికింత గుత్త. పాటలో పాడుకున్న గుత్తేదారు చెప్పిందే రేటు, గీసేవాడు కూలివాడు. హైదరాబాద్ ఆబ్కారీ చట్టం 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది 1968లో. అప్పటిదాకా తెలంగాణలో నడిచింది ఆ పాత చట్టమే. భూమి శిస్తు తర్వాత సంస్థానానికి పెద్ద ఆదాయాల్లో ఇదొకటి. మా టీము కుర్రాడి ముత్తాత మోకు, ముస్తాదు కట్టుకుని రోజుకి రెండు పూటలా తాడెక్కింది ఆ ఖజానా కోసమే.

అటు ఆంధ్రా వైపు కథ పూర్తిగా వేరు. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం మరుసటేడే చిత్తూరు, కడప జిల్లాలకొచ్చింది, 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పాకింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ చట్టం వారసత్వంగా వచ్చింది. గీత కార్మికుల ఉపాధి పోయింది, దొంగసారా పెరిగింది, నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు గారు ఎత్తేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాసం పెట్టారు, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తుపాకీకి ఎదురు గుండె చూపించిన మనిషిని పడగొట్టింది కల్లు ముంత! రెండేళ్ళ తర్వాత రెండు ప్రాంతాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యేసరికి ఒక కాలు తడి, ఒక కాలు పొడి. 1960ల చివరిదాకా అలాగే కుంటింది ఆ రాష్ట్రం.

తర్వాత తడే గెలిచింది. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజు ఆదాయం 1991-92కి 800 కోట్లు దాటింది. అందులో సింహభాగం సారాది. 1980లలో "వారుణి వాహిని" అని పేరు పెట్టి సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపారు. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక అదే ఇంటికి నడిచొచ్చింది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊరు. మా చిన్నాయన తాపీ పనికి పోయేవాడు. గోడ కడితే నూలు పట్టి చూడక్కర్లేదనేవాళ్ళు. నాకు బొంగరాలు చెక్కిచ్చేవాడు. కూలి డబ్బుల్లో సగం సారా కొట్టు దగ్గరే మిగిలిపోయేది, తర్వాత తర్వాత మొత్తం. పిన్ని పెంచుకున్న రెండు మేకలు పోయాయి, ఇత్తడి బిందె పోయింది. 1991లో పచ్చకామెర్లొచ్చి, కడుపుబ్బి, ముప్ఫై ఆరేళ్ళకే పోయాడు. చివరి వారం కూడా ప్యాకెట్టు తెచ్చిపెట్టినవాడు ఒకడున్నాడు. వాడి మీద నాకిప్పటికీ కోపమే.

అప్పుడే మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రిళ్ళు లాంతరు వెలుగులో ఆడవాళ్ళకి చదువు చెప్పేవాళ్ళు. ఆ వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం ఉంది, తాగుడు మీద తిరగబడిన ఆడమనిషి కథ. దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు దాన్ని పాఠంగా వదిలెయ్యలేదు. 1991-92ల్లో వాళ్ళ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ కబురు ఊరూరికీ పాకింది, సారా పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. మా ఊళ్ళో కొట్టు ముందు కూర్చున్నవాళ్ళలో మా అమ్మా, పిన్నీ ఉన్నారు. పిన్ని చేతిలో చీపురు నాకు బాగా గుర్తు. నాకప్పుడు పదేళ్ళు, వాళ్ళకి మజ్జిగ మోశాను.

1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం రోజే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు, 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబు ఎత్తేశాడు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. ఎత్తేసింది సీసా మందు మీద నిషేధం. సారా మీద నిషేధం అలాగే ఉండిపోయింది. దాంతో ప్యాకెట్టు తాగేవాడు క్వార్టరు సీసాకి మారాడు. మన పల్లెల్లో కూలిచేసుకునే మనిషి చేతికి "విస్కీ" అన్నది ఇంతగా వచ్చింది ఇలాగే. దండులో దొరల నుంచి దిగిందాని కంటే, సారా మీద ఆడవాళ్ళు గెలిచిన గెలుపు సందులోంచి దూరిందే ఎక్కువ. పిన్నికి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ క్వార్టరులో ఉన్నది విస్కీ కూడా కాదు మరి. చక్కెర మిల్లులో మిగిలిన మొలాసిస్‌ని బట్టీ పట్టి, శుద్ధి చేసిన స్పిరిటుకి కాస్త రంగు, వాసన, ఒక్కోసారి చిటికెడు మాల్టు కలిపితే అదే మన విస్కీ. యూరప్‌లో ధాన్యంతో చేసి మూడేళ్ళు చెక్కపీపాలో ఊరితే తప్ప ఆ పేరు పెట్టనివ్వరు. వాళ్ళ లెక్కలో మన బ్రాండ్లు చాలావరకు ఒక రకం రమ్ము.

మా రెండో గ్లాసు మాత్రం అసలు సిసలైనది. బెంగుళూరు అమృత్ కంపెనీ 1948 నాటిది. బార్లీతో చేసిన సింగిల్ మాల్టుని 2004 ఆగస్టులో ముందు గ్లాస్గోలో విడుదల చేశారు, తిరుపతి వెళ్ళి లడ్డూ అమ్మినట్టు. మన ఎండకి పీపాలోంచి ఏడాదికి నూటికి పదీ పన్నెండు వంతులు ఆవిరైపోతుంది. స్కాట్లాండులో అయితే రెండే. దాన్ని దేవదూతల వాటా అంటారు. మన దేవదూతలకి దాహమెక్కువ. అందుకని ఇక్కడ నాలుగైదేళ్ళకే పీపా దించేస్తారు, ఆ నాలుగైదేళ్ళలోనే అక్కడి పన్నెండేళ్ళ పదును వస్తుందంటారు.

స్కాట్లాండు వాళ్ళని చూసి మనం గౌరవంగా గ్లాసు పట్టుకుంటున్నాం గానీ, వాళ్ళదీ ఒకప్పుడు నాటుసారాయే. 1494 నాటి రాజుగారి లెక్కల్లో ఒక సన్యాసికి మాల్టు ఇచ్చినట్టు రాసుంది, అదే అందరూ చూపించే మొదటి పద్దు. తర్వాత పన్ను ఎగ్గొట్టి కొండలోయల్లో బట్టీలు, ఎక్సైజు జవాన్లు, దెబ్బలాటలు. అచ్చు మన ధూల్‌పేట గుడుంబా కథే. 1822లో ఎడింబరో వచ్చిన జార్జి రాజు అడిగి మరీ తాగింది గ్లెన్‌లివెట్ లోయలో కాచిన దొంగసరుకేనని చెప్పుకుంటారు. 1823లో చట్టం మార్చి లైసెన్సు చవక చేశారు. 1824లో ఆ లోయలో జార్జి స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. ఇరుగుపొరుగు దొంగబట్టీల వాళ్ళ భయానికి రెండు పిస్తోళ్ళు నడుముకి పెట్టుకు తిరిగాడు. రెండొందల ఏళ్ళు గడిచేసరికి అదంతా వారసత్వమైంది, మ్యూజియమైంది, శామీర్‌పేటలో కోటాయన చేతిలో మైకైంది.

మరి కల్లుకి అది ఎందుకు జరగలేదు? సాంకేతికంగా ఒక కారణముంది. తెల్లారి లొట్టి దించేటప్పటికే గాలిలో ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది, సాయంత్రానికి పులుపు, మర్నాటికి సగం వెనిగర్. పీపాలో దాచి పన్నెండేళ్ళ తర్వాత వేలం వేయడం కుదరదు. కానీ అసలు కారణం అది కాదని నా అనుమానం. మంచి కల్లుకి చెట్టు కావాలి, గీసేవాడు కావాలి, ఆ పూటే తాగేవాడు కావాలి. ఇవాళ శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ తాటివనాలున్న చోట వెంచర్ల బోర్డులున్నాయి. చెట్లు తగ్గి తాగేవాళ్ళు తగ్గకపోతే ఏమవుతుంది? క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలం. నీళ్ళలో మత్తుబిళ్ళల పొడి కలిపి కల్లు అని అమ్ముతారు. హైదరాబాదులో 2004 ప్రాంతంలో మూసేసిన దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి, 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళు రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళే. నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు, మంచిదే, వెళ్ళాను, బాగుంది. కానీ మా కుర్రాడి తాత లాంటి ముక్కున్న మనిషిని అక్కడ కూర్చోబెట్టి, ఇది ఈత, ఇది తాడు, ఇది పొద్దుటిది, ఇది మాపటిది, దీంట్లోకి ఇది నంజుకోండి అని ఎవరూ చెప్పించలేదు.

సర్కారుకి అంత తీరిక లేదు లెండి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల లాటరీకి లక్షా ముప్ఫై వేల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి, దరఖాస్తు రుసుము రెండు లక్షలు, తిరిగివ్వరు. దుకాణం తెరవకముందే 2,600 కోట్లు. నిజాం గుత్తేదార్లు ఇది చూస్తే సిగ్గుపడి ఉండేవాళ్ళు. దుకాణాల్లో గౌడలకి 15 శాతం రిజర్వేషను ఉంది. గీసినవాడి మనవడికి సీసాలమ్మే అవకాశం. మా కుర్రాడి బాబాయి రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ తగల్లేదు.

మర్నాడు పొద్దున అమ్మ ఫోను చేసింది.

"ఏందబ్బయా, రాత్రి ఫోను ఎత్తలా?"

"ఆఫీసోళ్ళు శామీర్‌పేట తీసకపొయ్యారమ్మా. లేటయింది."

"ఏం పెట్టారు?"

చీజు, చాక్లెట్టు, ఖుబానీ, బండ మీద కాల్చిన మాంసం అన్నీ చెప్పాను. మా అమ్మ సారా కొట్లు మూయించిన మనిషి, ఆ జాబితా విని ఆమెకి అర్థం కాకుండా ఉంటుందా? కాసేపు మాట్లాడలేదు.

"మందు పోసినారా?"

"పోసినారమ్మా. నాలుగు గుక్కలు."

మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. వెనకాల పిన్ని గొంతు వినిపించింది, ఎవర్నో కోళ్ళని అదిలించమంటోంది.

"ఆ బండ మీద మాంసానికి ఉప్పు సరిపొయ్యిందా?" అంది అమ్మ.